గోడ మీద రేటింగ్ సర్టిఫికెట్ చూసి ఫ్యాక్టరీకి కాయలు తోలొచ్చా?

ఇరాల_తోట | మే 24, ఉదయం 7:40

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు దగ్గర ఇరాల మండలం. ఆరు ఎకరాల తోతాపురి మామిడి ఉంది. ఈ ఏడు కాపు బాగానే ఉంది, 30 టన్నులకు తగ్గదని నాయన అంటున్నాడు.

నాలుగేళ్ల కిందట నాయన ఒక గుజ్జు ఫ్యాక్టరీకి మొత్తం కాయ తోలాడు. సంక్రాంతికి ఇస్తామన్న డబ్బు ఉగాదికి సగం వచ్చింది. మిగతా సగం ఈ రోజుకూ రాలేదు. ఆ ఏడు చెల్లెలి కాలేజీ ఫీజుకు అమ్మ గాజులు బ్యాంకులో పెట్టాం. అప్పటినుంచి నాయన ర్యాంపులోనే, అంటే వ్యాపారులు కాయ తూచి కొనే యార్డులోనే అమ్ముతున్నాడు. అక్కడ సాయంత్రానికి డబ్బు చేతికొస్తుంది, కానీ కిలోకు రెండు రూపాయలు తక్కువ. 30 టన్నులకు అది 60 వేలు. మాకు చిన్న మొత్తం కాదు.

ఇప్పుడు వేరే ఫ్యాక్టరీ వాళ్లు వచ్చారు. 90 రోజుల్లో డబ్బు ఇస్తామంటున్నారు. నిన్న వాళ్ల ఆఫీసుకు వెళ్తే గోడ మీద ఫ్రేమ్ కట్టిన కాగితం చూపించారు. ఒక రేటింగ్ సంస్థ ఇచ్చిన 'బీబీబీ మైనస్, స్టేబుల్' అట. పక్కనే ఐఎస్‌ఓ సర్టిఫికెట్. "మేము ఊరికే వచ్చినవాళ్లం కాదు, పెద్ద సంస్థే మమ్మల్ని పరీక్షించింది" అన్నారు. ఆ కాగితాన్ని ఎంతవరకు నమ్మొచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి.

కరకంబాడి_రోడ్డు | మే 24, ఉదయం 8:05

నమ్మొద్దు తమ్ముడూ. రేటింగ్ ఇచ్చేవాడికి డబ్బు కట్టేది ఎవరు? ఆ ఫ్యాక్టరీయే. పెళ్లికొడుకు తరఫువాళ్లు డబ్బిచ్చి తెచ్చిన పెళ్లిళ్ల పేరయ్య అబ్బాయి గురించి చెడుగా చెప్తాడా?

ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గుర్తుందా? 90 వేల కోట్లకు పైగా అప్పులున్న గ్రూపు. 2018 వేసవిలో ట్రిపుల్ ఏ, అంటే అన్నిటికంటే మంచి రేటింగ్. సెప్టెంబరు నాటికి డీ. డీ అంటే అప్పు ఎగ్గొట్టిన స్థితి. ట్రిపుల్ ఏ చూసి పెట్టుబడి పెట్టినవాళ్లలో ఉద్యోగుల పీఎఫ్ ట్రస్టులు కూడా ఉన్నాయి. స్టాక్ మార్కెట్లను అదుపు చేసే సెబీ ఆ రేటింగ్ సంస్థలకు 25 లక్షల చొప్పున జరిమానా వేసి, అది చాలదని తర్వాత కోటికి పెంచింది. కోటి వాళ్లకు ఒక లెక్కా?

మన సత్యం కంప్యూటర్స్ సంగతి ఇంకా దారుణం. 2008లో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. కొన్ని నెలలకే, 2009 జనవరి 7న, పుస్తకాల్లో చూపించిన 5,040 కోట్ల నగదు అసలు లేదని చైర్మనే ఉత్తరం రాశాడు. అవార్డులు, రేటింగులు అన్నీ ఒక్కటే.

ర్యాంపు_గుమాస్తా | మే 24, ఉదయం 8:31

ఏ ఫ్యాక్టరీయో ఇక్కడ చెప్పొద్దు, కానీ ఏ రోడ్డులో ఉందో నాకు మెసేజ్ పెట్టు. సాయంత్రం వివరంగా రాస్తా. ఇప్పుడు కాటా మీద ఉన్నా.

రిటైర్డ్_బ్యాంకు_మనిషి | మే 24, ఉదయం 10:12

ఇరాల బాబూ, నేను 31 ఏళ్లు బ్యాంకులో పనిచేసి తిరుపతిలో స్థిరపడ్డాను. చివరి తొమ్మిదేళ్లు అప్పుల విభాగంలోనే. అందులో గుజ్జు ఫ్యాక్టరీల ఫైళ్లు చాలా చూశాను. కరకంబాడి గారి కోపం నాకు అర్థమవుతుంది, కానీ ఆయన అసలు ప్రశ్నను దాటిపోయారు.

ఆ రేటింగ్ నిజమైనదే అనుకుందాం. నిజాయితీగా ఇచ్చిందే అనుకుందాం. అయినా అది మీ ప్రశ్నకు జవాబు కాదు. అది బ్యాంకు అప్పుకు ఇచ్చిన రేటింగ్. 'ఈ కంపెనీ బ్యాంకుకు వడ్డీ, అసలు సమయానికి కడుతుందా' అన్న ఒక్క ప్రశ్నకే అందులో జవాబు ఉంటుంది. 'రైతుకు 90 రోజుల్లో డబ్బిస్తుందా' అని ఆ సంస్థను ఎవరూ అడగలేదు. పైగా చేతిలో డబ్బు తక్కువైనప్పుడు ఫ్యాక్టరీ ముందు బ్యాంకుకే కడుతుంది, ఎందుకంటే అక్కడ తప్పితే రేటింగ్ పడిపోతుంది. రైతు దగ్గర ఒక నెల, రెండు నెలలు జరుపుకుంటుంది. అంటే మీకు డబ్బు ఆపడం వల్లే ఆ కాగితం మీద అక్షరాలు బాగుండే రోజులు కూడా ఉంటాయి. నా సర్వీసులో నన్ను ఎక్కువ బాధపెట్టిన సంగతి ఇదే. ఖాతా స్టాండర్డ్‌గా, అంటే బ్యాంకు వాయిదాలు తప్పకుండా ఉందని మేము సంతోషపడేవాళ్లం, గేటు బయట రైతులు నిలబడి ఉండేవారు.

ఇంకో మాట. గుజ్జు ఫ్యాక్టరీ పండు తీసుకునేది జూన్, జూలై నెలల్లో. డ్రమ్ముల్లో నింపిన గుజ్జు గల్ఫ్‌కో యూరప్‌కో అమ్ముడయ్యేది ఏడాది పొడవునా. ఆ మధ్యకాలానికి బ్యాంకు సరుకు మీద అప్పిస్తుంది. మీ కాయ గుజ్జయి డ్రమ్ములోకి వెళ్లాక అది బ్యాంకు తాకట్టులో ఉన్న సరుకు. మీరు ఏ పూచీ లేకుండా అప్పు ఇచ్చినవాళ్లు. కంపెనీ దివాలా తీసి ఆస్తులు అమ్మితే ముందు ఆ ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికులు, తాకట్టు ఉన్న బ్యాంకులు. సరుకు ఇచ్చినవాళ్లు దాదాపు చివర, వాటాదారుల కంటే కొంచెం ముందు. దివాలా కోర్టుకు మీరే వెళ్లాలన్నా 2020 నుంచి కనీసం కోటి రూపాయల బాకీ ఉండాలి.

ఐఎస్‌ఓ సంగతి. ఐఎస్‌ఓ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వదు, ప్రమాణం రాస్తుంది అంతే. సర్టిఫికెట్ ఇచ్చేవి వేరే సంస్థలు. అది కూడా పని పద్ధతి గురించి. డబ్బు చెల్లింపుకు దానికీ సంబంధం లేదు.

కరకంబాడి_రోడ్డు | మే 24, ఉదయం 10:40

సార్, మీరు చెప్పింది నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను. కానీ అలాంటప్పుడు రేటింగ్ వల్ల మామూలు మనిషికి లాభమే లేదు కదా?

రిటైర్డ్_బ్యాంకు_మనిషి | మే 24, ఉదయం 11:20

ఉంది. అక్షరం వల్ల కాదు, దాని వెనక ఉన్న రాతపూర్వక వివరణ వల్ల. రేటింగ్ ఇచ్చిన ప్రతిసారీ ఎందుకు ఇచ్చారో మూడు నాలుగు పేజీలు రాసి తమ వెబ్‌సైట్‌లో పెడతారు. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. అమ్మకాలు ఎంత, అప్పు ఎంత, సరుకు ఎన్ని రోజులు నిలుస్తోంది, సరఫరాదారులకు ఎన్ని రోజులకు కడుతున్నారు, ఇలాంటివి చాలావరకు అందులో ఉంటాయి. గోడ మీద అక్షరం మాత్రమే వేలాడదీస్తారు. ఆ పేజీలు ఎవరూ ఫ్రేమ్ కట్టించరు.

ఒకప్పుడు ఇది ఇలా ఉండేది కాదు. 1909లో అమెరికాలో జాన్ మూడీ రైల్వే బాండ్లకు రేటింగులు ఇచ్చినప్పుడు ఆ పుస్తకం కొనుక్కున్నది పెట్టుబడిదారులు. అంటే తెలుసుకోవాలనుకున్నవాడే డబ్బు కట్టాడు. 1970ల నుంచి బాండ్లు జారీ చేసే కంపెనీలే కట్టడం మొదలైంది. మన దేశంలో 1987లో మొదటి రేటింగ్ సంస్థ క్రిసిల్ వచ్చేనాటికే ఆ పద్ధతి స్థిరపడింది. 1999 నుంచి సెబీ నియమాలు ఉన్నాయి. ఏ రేటింగ్ ఎన్నిసార్లు తప్పిందో ఆ సంస్థలే ఏటా బయటపెట్టాలి. కాబట్టి అన్నీ అమ్ముడుపోయే కాగితాలు అనడం న్యాయం కాదు. తప్పినప్పుడు ఘోరంగా తప్పాయి, అదీ నిజమే.

అట్లాంటా_చిత్తూరు | మే 24, మధ్యాహ్నం 1:15

బీబీబీ అనగానే నాకు ఇక్కడి ఇంకో బీబీబీ గుర్తొచ్చింది. బెటర్ బిజినెస్ బ్యూరో. అమెరికాలో వందేళ్లు దాటిన సంస్థ. ప్లంబరు దగ్గర నుంచి కార్ల షాపు దాకా ఏ ప్లస్ మొదలు ఎఫ్ వరకు గ్రేడులు ఇస్తుంది. నేను కొత్తగా వచ్చినప్పుడు ఇల్లు మారడానికి లారీవాళ్లను అది చూసే ఎంచుకున్నాను. ప్రభుత్వ సంస్థ అనుకున్నాను. కాదు. సభ్యత్వ రుసుము కట్టే వ్యాపారాల మీద నడిచే ప్రైవేటు సంస్థ.

2010లో ఏబీసీ టీవీ ఒక సంగతి బయటపెట్టింది. లాస్ ఏంజెలెస్‌లో కొందరు వ్యాపారులు కావాలనే 'హమాస్' అన్న పేరుతో లేని కంపెనీకి 425 డాలర్లు కట్టి సభ్యత్వం తీసుకుంటే ఏ మైనస్ గ్రేడు వచ్చేసింది. 2013లో ఆ శాఖను మాతృసంస్థ బయటికి పంపింది. అయినా నేను ఆ సైట్‌ను ఇప్పటికీ చూస్తాను. గ్రేడు చూడను. కింద జనం రాసిన ఫిర్యాదులు, వాటికి ఆ వ్యాపారి ఇచ్చిన జవాబు చదువుతాను. తప్పు జరిగాక ఎలా మాట్లాడాడో అందులో తెలుస్తుంది.

లీలామహల్_లాడ్జి | మే 24, మధ్యాహ్నం 3:02

మా బాధ కూడా చెప్తాను. తిరుపతిలో మాది 22 గదుల చిన్న లాడ్జి. నెలకు ఒకసారైనా ఎవరో ఫోన్ చేసి "వంద ఫైవ్ స్టార్ రివ్యూలు వేయిస్తాం" అంటారు. మేము తీసుకోలేదు. పక్క వీధిలో నిన్న మొన్న తెరిచినవాళ్లకు మా కంటే ఎక్కువ స్టార్లు ఉన్నాయి. వాళ్ల గదుల్లో వేడి నీళ్లు రావని మా దగ్గరికి మారినవాళ్లే చెప్పారు.

మా ఊళ్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. యాత్రికుడు ఒక రాత్రి ఉంటాడు, దర్శనం చేసుకుని వెళ్లిపోతాడు. మళ్లీ వస్తే ఏడాదికి. మోసపోయినా "స్వామి దగ్గరికి వచ్చి గొడవెందుకు" అని వదిలేస్తాడు. రోజూ కొత్త ముఖాలే వచ్చే చోట 'పేరు పోతుంది' అన్న భయం పనిచేయదు. ఆ భయానికి బదులుగానే స్టార్లు వచ్చాయి. అవి కూడా కొనుక్కునేవి అయితే యాత్రికుడికి ఇంక ఏం మిగిలింది? టీటీడీ పేరుతో నకిలీ వెబ్‌సైట్లు పెట్టి గదులు, టికెట్లు అమ్మినవాళ్లు కూడా ఇదే ధైర్యంతో చేశారు.

2022లో కేంద్ర ప్రమాణాల సంస్థ బీఐఎస్ ఆన్‌లైన్ రివ్యూలకు ఒక ప్రమాణం తెచ్చింది, ఐఎస్ 19000. రాసినవాడు నిజంగా కొన్నాడో లేదో చూడాలి, చెడ్డ రివ్యూలను దాచకూడదు అని. కానీ తప్పనిసరి కాదు. తప్పనిసరి చేయాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

గది వెతికేవాళ్లకు నా సలహా. అయిదు స్టార్లవి, ఒక స్టారువి పక్కన పెట్టి మూడు స్టార్లవి చదవండి. "గది శుభ్రం, లిఫ్ట్ లేదు, అమ్మకు మెట్లు కష్టమయ్యాయి" అని రాసినవాళ్లు నిజంగా ఉండి వెళ్లినవాళ్లు.

తిరుచానూరు_అక్క | మే 24, సాయంత్రం 5:48

నాది చేదు అనుభవం. పన్నెండేళ్ల కిందట మా అమ్మ ఒక కంపెనీలో లక్షా 80 వేలు కట్టింది, నెలనెలా కొంచెం కొంచెంగా. అయిదేళ్లలో రెట్టింపో, లేకపోతే ప్లాటో అన్నారు. ఏజెంటు మా పిన్ని కొడుకే. అమ్మ కంపెనీని ఏనాడూ చూడలేదు, వాడిని చూసి కట్టింది. వాడు కూడా మోసం చేయాలనుకోలేదు, వాడి భార్య నగలూ అందులోనే పోయాయి. ఆఫీసు మూసేసిన రోజు వాడు మా ఇంటికి వచ్చి గుమ్మంలోనే కూర్చుండిపోయాడు. అమ్మ వాడికి మజ్జిగ ఇచ్చింది. ఆ డబ్బు గురించి ఒక్క మాట అనలేదు. కానీ ఆ తర్వాత అమ్మ ఎవరినీ నమ్మలేదు, పోస్టాఫీసు తప్ప.

అందుకే 'తెలిసినవాళ్లు' అన్న మాటకు నాకు భయం. తెలిసినవాడి మంచితనం వేరు, వాడు తెచ్చిన కాగితం వేరు. అగ్రిగోల్డ్‌లో లక్షల మంది కట్టింది కూడా ఊళ్లో ఏజెంట్లను చూసే కదా.

ఇప్పుడు నేను మా వీధిలో ఆడవాళ్లందరికీ చెప్తున్నాను. బ్యాంకులో అయితే ఒక్కొక్కరికి అయిదు లక్షల దాకా డిపాజిట్ బీమా ఉంది, 2020 ఫిబ్రవరి నుంచి. ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్లకు ఆ బీమా లేదు, ఎంత మంచి రేటింగ్ ఉన్నా సరే. ఫైనాన్స్ కంపెనీ డిపాజిట్ మీద 12.5 శాతం కంటే ఎక్కువ వడ్డీ ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నియమం. అంతకంటే ఎక్కువ ఇస్తామన్నాడంటే అక్కడే ఆగిపోండి. చీటీ అయితే చిట్ రిజిస్ట్రార్ దగ్గర నమోదైందా అని అడగండి. అనుమానం వస్తే రిజర్వు బ్యాంకు 'సచేత్' వెబ్‌సైట్‌లో చూడండి, ఫిర్యాదు కూడా అక్కడే చేయొచ్చు.

ర్యాంపు_గుమాస్తా | మే 24, రాత్రి 9:10

ఇరాల తమ్ముడి మెసేజ్ చూశాను. నేను 17 సీజన్లుగా ర్యాంపులో లెక్కలు రాస్తున్నాను. నేను చదివింది పదో తరగతి, పెద్ద విషయాలు తెలియవు. కానీ ఏ ఫ్యాక్టరీ గట్టిగా ఉంది, ఏది ఊగుతోంది అనేది మాకు అందరికంటే ముందు తెలుస్తుంది. ఎలాగో చెప్తాను.

ముందు హమాలీ మేస్త్రీని అడగాలి. శనివారం కూలి డబ్బుల బట్వాడా ఏ వారమైనా ఆగిందా అని. కూలీలకు ఆపిన ఫ్యాక్టరీ రైతుకు ముందే ఆపి ఉంటుంది. తర్వాత బాయిలర్‌కు కట్టెలు తోలేవాళ్లు, ట్రాక్టరు బాడుగవాళ్లు. వీళ్లకు ఫ్యాక్టరీ మీద అభిమానమూ లేదు, కోపమూ లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్తారు. అక్క చెప్పినట్టు ఏజెంటును అడగొద్దు. బాకీ రావాల్సినవాళ్లను అడగండి.

ఇంకొకటి, గేటు దగ్గర టోకెన్ల వరస ఎంత పొడవుంది అని చూసి మోసపోవద్దు. వరస పొడవుగా ఉంటే గిరాకీ ఉందనుకుంటారు. కొన్నిసార్లు యంత్రం సగమే నడుస్తోందని అర్థం. కాయ రెండు రోజులు ఎండలో ఉంటే తరుగు మనకే.

2025లో ఏం జరిగిందో అందరికీ తెలుసు. కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని ప్రకటించారు. ఆ 8 గురించే రైతులు ఎంత తిరగాల్సి వచ్చిందో నేను కళ్లారా చూశాను. ధర కాగితం మీద ఎంత ఉందన్నది కాదు, చేతికి ఎప్పుడొచ్చింది అన్నది అడగాలి.

అట్లాంటా_చిత్తూరు | మే 24, రాత్రి 10:25

గుమాస్తా అన్నా, మీరు చెప్పిందే తొలినాటి పరపతి సమాచార సంస్థ పద్ధతి. 1837లో అమెరికాలో వ్యాపారాలు కుప్పకూలినప్పుడు లూయిస్ టాపన్ అనే పట్టు వ్యాపారి బాగా దెబ్బతిన్నాడు. 1841లో న్యూయార్క్‌లో ఒక ఏజెన్సీ పెట్టి, ఊరూరా లాయర్లతో, స్థానికులతో ఫలానా దుకాణదారు సమయానికి కడతాడా, తాగుతాడా, ఆస్తి ఎంత అని రాయించి తెప్పించుకున్నాడు. అప్పుపై సరుకు ఇచ్చే వ్యాపారులు చందా కట్టి అది చదివేవారు. అదే తర్వాత డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయింది. మేస్త్రీని అడగడం చిన్న పనేమీ కాదు.

చిత్తూరు_ఆడిటర్ | మే 25, ఉదయం 6:55

అందరూ చెప్పింది బాగుంది. మేస్త్రీ మాటతో పాటు ఇంట్లో కూర్చుని పది నిమిషాల్లో చూడగలిగేవి కూడా ఉన్నాయి.

ఫ్యాక్టరీ బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉంటుంది. మన రాష్ట్రానిదైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ వెబ్‌సైట్‌లో అది కొడితే ఏ తేదీన నమోదైంది, అసలు పేరు ఏమిటి, రిటర్నులు ఏ నెలది ఏ తేదీన వేశారు అన్నీ కనిపిస్తాయి. "20 ఏళ్ల అనుభవం" అని బోర్డు పెట్టినవాళ్ల నమోదు నిరుడు జరిగి ఉండొచ్చు. జీఎస్టీ అమలైందే 2017లో కాబట్టి పాత సంస్థల్లో చాలావాటికి జూలై 2017 తేదీ ఉంటుంది, దాన్ని చూసి కంగారు పడొద్దు. వరసగా మూడు నాలుగు నెలలు రిటర్నులు ఆలస్యమయ్యాయంటే మాత్రం నగదుకు ఇబ్బందిగా ఉందని నేను అనుమానిస్తాను.

కంపెనీ అయితే కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో పేరు కొట్టండి. ఏ బ్యాంకుకు ఎంత తాకట్టు ఉందో జాబితా కనిపిస్తుంది. డైరెక్టర్ల పేర్లూ ఉంటాయి. పాత కంపెనీ మూసేసి అదే మనుషులు కొత్త పేరుతో వచ్చారా అనేది అక్కడే దొరుకుతుంది. ఈ జిల్లాలో నేను అలాంటివి చూశాను.

రేటింగ్ గురించి సార్ చెప్పినదానికి ఒక చేర్పు. సర్టిఫికెట్ మీద తేదీ చూడండి. రేటింగును కనీసం ఏడాదికొకసారి తిరిగి చూడాలి. కంపెనీ సమాచారం ఇవ్వడం మానేస్తే ఆ సంస్థ రేటింగ్ పక్కన 'ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్' అని రాస్తుంది. మామూలు మనిషికి రేటింగ్ సంస్థలు ఇచ్చే అన్నిటికంటే విలువైన మాట అదేనని నా అభిప్రాయం. లెక్కలు అడిగితే చూపించలేదు అని అర్థం. అది డబ్బిచ్చి కొనుక్కునేది కాదు.

ఇరాల_తోట | మే 25, ఉదయం 9:30

ఇంతమంది ఇంత ఓపికగా రాస్తారనుకోలేదు. అక్క రాసింది మా అమ్మకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఈ రెండు రోజులు ఇవన్నీ చూసి వచ్చి చెప్తాను.

ఇరాల_తోట | మే 29, రాత్రి 8:15

చూశాను. గోడ మీద ఉన్న సర్టిఫికెట్ తేదీ రెండేళ్ల కిందటిది. ఫోటో తీస్తే వద్దన్నారు, కానీ తేదీ అప్పటికే చదివాను. రేటింగ్ సంస్థ వెబ్‌సైట్‌లో ఇప్పుడున్నది 'బీ ప్లస్, ఇష్యూయర్ నాట్ కోఆపరేటింగ్'. అంటే బీబీబీ మైనస్ నుంచి చాలా మెట్లు దిగింది. జీఎస్టీ రిటర్నులు ఈ ఏడాది రెండు నెలలవి ఆలస్యం. హమాలీ మేస్త్రీని గుమాస్తా అన్న పరిచయం చేశాడు. నిరుడు ఆగస్టులో రెండు వారాలు బట్వాడా ఆగిందట, తర్వాత ఇచ్చేశారట. కట్టెల ఆయనకు ఇంకా బాకీ ఉంది.

వాళ్లు మోసగాళ్లని నేను అనడం లేదు. కష్టంలో ఉండొచ్చు. కానీ ఆ కష్టం మా కాయతో తీర్చుకోవాలంటే మాకు అంత శక్తి లేదు.

నాయన, నేను కూర్చుని ఒక నిర్ణయానికి వచ్చాం. నాలుగు ఎకరాల కాయ ర్యాంపుకే. మిగతా రెండు ఎకరాలది వేరే పాత ఫ్యాక్టరీకి. వాళ్లకు రేటింగ్ బీబీ ప్లసే, అంటే బీబీబీ మైనస్ కంటే ఒక మెట్టు కిందే, గోడ మీద ఏ ఫ్రేమూ లేదు. కానీ వివరణ పేజీలు ఈ మార్చివి. సరఫరాదారులకు సుమారు రెండు నెలల్లో కడుతున్నారని అందులో ఉంది, మా పక్క ఊరి రైతులూ అదే చెప్పారు. కాటా చీటీతో పాటు 60 రోజుల తేదీ వేసిన చెక్కు ఇస్తామన్నారు. ఆ మాట వినగానే నాయన నా వైపు చూసి తల ఊపాడు. నాలుగేళ్లలో ఫ్యాక్టరీ పేరెత్తితే ఆయన తల ఊపడం ఇదే మొదటిసారి.

సోమవారం తెల్లవారుజామున కోత. రెండు ట్రాక్టర్లు మాట్లాడాం.

చిత్తూరు_ఆడిటర్ | మే 29, రాత్రి 8:50

మంచి పని చేశారు. చెక్కు కంపెనీ ఖాతాదేనా, ఎవరి సొంత ఖాతాదైనా అంటగడుతున్నారా చూసుకోండి. అంకెలు, అక్షరాలు కలవాలి. దాని మీద ఉన్న తేదీ నుంచి మూడు నెలల్లోపు బ్యాంకులో వేయాలి. ఒకవేళ వాపసు వస్తే బ్యాంకు మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు పంపాలి, ఒక్క రోజు కూడా దాటొద్దు. కాటా చీటీలన్నీ ఫోటో తీసి మీ చెల్లెలి ఫోన్‌లో కూడా ఉంచండి.

ర్యాంపు_గుమాస్తా | మే 29, రాత్రి 9:05

సోమవారం నాలుగింటికే తోలు తమ్ముడూ. ఏడు దాటితే వరస పెరుగుతుంది. నీ కాయ ముందు కాటాకు ఎక్కేలా నేను చూస్తా.